మొదటిదే మంచిగుండె

దస్తగిరికి లోకంలో రెండోది ఏదీ నచ్చదు. రెండో చాయ్ పోస్తే "మొదటిదే మంచిగుండె" అంటాడు. బావమరిదికి రెండో కొడుకు పుడితే చూడబోయి, తొట్టెలోకి తొంగిచూసి, "మొదటోడే మంచిగుండె" అనేసి వచ్చాడు. ఆ ఇంట్లో ఆరు నెలలు ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మర్రిగూడ బస్టాండు పక్కన ఆయన దర్జీ దుకాణం. పొద్దున అక్కడ ఆయన ఏమంటే సాయంత్రానికి ఊరంతా అదే అంటుంది. ఆ నోటికి నేనూ బలయ్యాను. ఎనభై ఆరు నాటి సంగతి. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నేను అక్కడి బడిలో తెలుగు పంతులును. చిరుతలనే చెక్క తాళాలు పట్టి చిందేసే మగవాళ్ల బతుకు మీద ఒక ఆట, అంటే నాటకం, రాశాను. అందులో ముఖ్య వేషం కట్టే జంగయ్య గొంతుకు కూర్చుని, గిర్రున తిరిగి లేస్తే ఒకటే ఈలలు. అందరూ మెచ్చుకునేసరికి నాకు గర్వం తలకెక్కింది. రెండేళ్లకు రెండో భాగం రాశాను. ఆలంపూర్ దాకా పన్నెండు ఊళ్లలో ఆడతామని ఒప్పుకున్నాం. దుస్తులు కుట్టింది దస్తగిరే.

"రెండోదా?" అన్నాడు మొహం చిట్లించి.

"చూడకముందే అనకు భాయ్."

"నేనేమన్న అన్ననా సారూ? కొలతలు తీస్తున్న, గంతే."

అంగడి రోజు మధ్యాహ్నం మొదటి ప్రదర్శన. జంగయ్య తిరగడానికి కిందికి వంగబోతుండగా, ముందు వరుసలోంచి దస్తగిరి లేచాడు.

"ఆపుండ్రి! గిదేం కథ? మొదటి ఆటల ఆడేటోళ్లకు ఆకలుండె. గీ ఆటల సారు ఉపన్యాసం తప్ప ఏమున్నది? మొదటిదే మంచిగుండె!"

జనం గొల్లుమన్నారు. ఐదు నిమిషాల్లో మైదానం ఖాళీ. వారంలో పన్నెండు ఊళ్లూ వద్దని కబురు చేశాయి. బెండకాయలమ్మే గోవిందమ్మ కూడా "కథల పస లేదట గద సారూ" అని పరామర్శించింది. ఆమె ఆట చూడనే లేదు.

నేను దుకాణం మీదికి పోయాను. "నా ఆట ఎందుకు చంపినవ్?"

దస్తగిరి మిషన్ ఆపాడు. "జంగయ్యకు మొదటి ఆటప్పుడు నడుము నుంచి మడిమ దాకా ముప్పైతొమ్మిది ఇంచులు. గీసారి ముప్పైఏడు. 'సక్కగ నిలవడు అన్నా' అంటే, 'నిలవడ్డ' అనే అన్నడు. మోకాళ్లు సాగుతలేవు సారూ."

ఫ్లోరైడ్ నిండిన ఈ ఊరి నీళ్లు పిల్లల పళ్లను, పెద్దల ఎముకలను ఏం చేస్తాయో నాకు తెలుసు. రోజూ బడిలో చూస్తూనే ఉన్నా, నేను పాత్ర రాశానే గానీ మనిషి కాళ్లు చూడలేదు.

"గట్ల కూసుంటే మళ్ల లేవలేడు," అన్నాడు. "అందరి ముంగట పడితే గాయన బతుకుతడా?"

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్తే గాయిన్ని తీసేస్తవ్. కాళ్లు పోయినయని ఊరంత అంటది. కథ బాగలేకుంటే ఆటే ఆగుతది. గాయన ఇజ్జత్ గాయనకుంటది."

"మరి నా ఇజ్జత్?"

"నీకు బడి ఉన్నది గద సారూ. నెలనెల జీతమొస్తది."

ఆ జవాబుకు నాకింకా కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. జంగయ్య ఆ తర్వాత అరుగు మీద కూర్చుని ఎందరికో అడుగులు నేర్పాడు. మంచి కథ దొరికితే మళ్లీ ఆడేవాణ్నని చివరిదాకా చెప్పుకున్నాడు.

ఆ ఆట ఎందుకాగిందని ఎవరడిగినా, కథ బాగాలేదని నేనే చెబుతాను. మొన్న ఆ కాగితాలు తీసి చదివాను. నిజంగానే బాగాలేదు.