పెరటి కుంటకు పరిచిన షీటు

1963 చివర్లో నన్ను పర్చూరు వైపు ఒక రేగడి ఊరికి గ్రామసేవికగా వేశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అదంతా గుంటూరు జిల్లాయే. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ళకు నవ్వు వస్తే పరవాలేదు గాని, ఆఫీసువాళ్ళ వారసులకు కోపం రాకూడదు.

గ్రామసేవిక అంటే ఏమిటో ఈ తరానికి కొంచెం చెప్పాలి. కొన్ని పదుల ఊళ్ళు కలిస్తే ఒక బ్లాకు, దానికి పెద్ద బి.డి.ఓ. గారు. ఆయన కింద వ్యవసాయానికొకరు, పశువులకొకరు విస్తరణాధికారులు ఉండేవారు. ఆడవాళ్ళ పనులు చూడడానికి ముఖ్యసేవిక. ఆవిడ కింద, వరసలో అందరికన్నా చివర, మేము. పొగరాని పొయ్యి, పెరటి తోట, పసిపిల్లల తూకం, మహిళా మండలి, ఇవి మా పనులు. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. మా అమ్మ పొయ్యి పక్కన పలక పెట్టుకుని నేర్పిన చదువే. మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా కట్టాను. ఆ చదువుకు ఆ ఉద్యోగం రావడం దేవుని కృప అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

నేను చేరిన కొద్ది వారాలకే పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పల్లెల్లో తల్లులకూ పిల్లలకూ మంచి తిండి అందాలి, అందుకు పెరట్లో చిన్న కుంట తవ్వి చేపలు పెంచాలి, ఆ నీళ్ళతోనే కూరపాదులు తడుపుకోవాలి అని. ముందు బ్లాకుకొక నమూనా కుంట. మా బ్లాకుకు మా ఊరు పడింది. మండలి అధ్యక్షురాలు కనుక ఊళ్ళో పిచ్చమ్మగారి పెరడు పడింది.

పిచ్చమ్మగారూ ఆవిడ భర్త వెంకయ్యగారూ మిరప రైతులు. ఇంటి వెనక పెరడు, పెరటిని ఆనుకుని తడిక, తడిక అవతల కల్లం. కోసిన పండుమిరప కాయను ఆ కల్లంలో పలచగా పరిచి, రోజూ తిరగవేస్తూ గలగలలాడేదాకా ఎండబెట్టాలి. ఎండే కాయ మీద వాన పడితే రంగు పోయి తెల్లగా తాలు అవుతుంది. తాలు కాయను గుంటూరులో ఎవరూ కన్నెత్తి చూడరు. ఆ ఏడు వాళ్ళకు పత్తి దెబ్బతిన్నది. కల్లంలో ఉన్న కాయే వాళ్ళ సంవత్సరమంతా.

కుంట కట్టడానికి ఓవర్సీరుగారు ప్లాను గీసి పంపారు. రేగడి నేల సంగతి తెలిసినవాళ్ళకు ఆ ప్లానులో తప్పేమీ కనిపించదు. ఎండాకాలంలో రేగడి కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది, నీళ్ళు పాతాళానికి పోతాయి. వానాకాలంలో ఉబ్బి గట్లను లోపలికి నెడుతుంది. అందుకని నడుము లోతు తవ్వి, చుట్టూ రాతిగోడ పేర్చి, లోపలి ముఖాన రాళ్ళ మొనలు తగలకుండా బంకమట్టి మెత్తి, దాని మీద పాత గోనెలు పరిచి, ఆ పైన నల్లటి ప్లాస్టిక్ షీటు వేయాలి. షీటు అంచులను గోడ మీదికి లాగి, పైవరస రాళ్ళు వాటి మీద పెట్టి అదమాలి. షీటు నీళ్ళను ఆపుతుంది, రాళ్ళు మట్టిని ఆపుతాయి, గోనెలు ఆ రెంటికీ తగువు రాకుండా ఆపుతాయి.

అంత పెద్ద ప్లాస్టిక్ షీటు అప్పటికి మా వైపు ఎవరూ చూడలేదు. బ్లాకు జీపులో చుట్టగా వచ్చింది. విప్పి పరిస్తే ఊరి ఆడవాళ్ళంతా వచ్చి అంచు పట్టుకుని నలిపి చూశారు.

"సేవికమ్మా, ఇది తడవదా?" అని అడిగారు పిచ్చమ్మగారు.

తడవదండి, చుక్క కూడా దిగదు అని చెప్పాను.

"అట్టాంటిదాన్ని తీసకపోయి నీళ్ళల్లో ఏస్తారా?"

నేను పథకం వివరించాను. ఆవిడ ఓపికగా విన్నారు. విని, పక్కావిడతో, "మనకి కట్టుకోను కోకల్లేవు గాని సర్కారోళ్ళు కుంటకి కోక కట్టిస్తన్నారే" అన్నారు. మా మండలి సమావేశాల్లో అంతగా నవ్విన రోజు మరొకటి లేదు.

గోడ పని మేస్త్రీ మస్తాన్ చేశాడు. ఊళ్ళో బావుల ఒరలన్నీ వాళ్ళ తాత చేతివే. సున్నం లేకుండా రాయికి రాయి ఒరుసుకునేలా పేర్చేవాడు. పిచ్చమ్మగారికీ అతనికీ రోజూ ఒకటే గొడవ. ఆవిడ గట్టు మీద నిలబడి, "ఏం మస్తానూ, ఈ గోడ నీ బిడ్డ పెళ్ళి నాటికన్నా లేస్తదా?" అనేవారు. "లేస్తదిలే పిచ్చమ్మక్కా, ఆ పెళ్ళికి పులుసు నీ చేపల్తోనే" అనేవాడు అతను. ఏమైనా గోడ బాగా లేచింది. షీటు పరిచి, మూలలు మడిచి, పైవరస రాళ్ళు పెట్టేశాం. చేపపిల్లలు కుండల్లో వచ్చాయి. తనిఖీకి వచ్చే అధికారిగారు తన చేతులతో కుంటలో వదలాలి కనుక అందాకా వాటిని పిచ్చమ్మగారి గొడ్ల గాబులో ఉంచాం. గేదె గాబు దగ్గరికి వచ్చి, లోపల ఏదో కదలడం చూసి, నీళ్ళు తాగకుండా అలిగి వెళ్ళిపోయింది.

ఇక కావలసింది నీళ్ళు. ఫిబ్రవరి నెల, ఊరి బావిలో నీళ్ళు అడుగంటాయి. మరునాడు పొద్దున్నే తనిఖీ. జిల్లా నుంచి ఒక పై అధికారి, ఆయన వెంట మా బి.డి.ఓ. గారు వస్తున్నారు. నాది ఇంకా తాత్కాలిక ఉద్యోగం. పొడి కుంటలో చేపపిల్లల్ని వదలమని ఆయన్ను ఎలా అడగను? తాగే నీళ్ళు తోడి గుంటలో పోయమని ఊరిని ఎలా అడగను? నాకు తెలిసిన దారి ఒక్కటే. తెల్లవారి ప్రార్థనలో, తండ్రీ, ఈ కుంటకు నీళ్ళు దయచేయమని అడిగాను.

దేవుడు ఆలకించాడు. ఆ మధ్యాహ్నానికే తూర్పున మబ్బు కమ్మింది. నేను కుంట గట్టు మీద నిలబడి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. తడిక అవతల నుంచి కేక వినపడింది. కాయ కల్లంలో ఉందన్న మాట నేను ప్రార్థనలో విన్నవించుకోలేదు.

వెళ్ళేసరికి పిచ్చమ్మగారూ వెంకయ్యగారూ కాయను రాశిగా పోగు చేస్తున్నారు. ఎండు కాయ, సగం ఎండిన కాయ అని చూడకుండా చేతికందినది లాగుతున్నారు. తాటాకు చాపలు ఉన్నాయి గాని అవి మంచును ఆపుతాయి, వానను ఆపవు. నేనూ చేట అందుకున్నాను. పిచ్చమ్మగారు ఒక్కసారి నడుమెత్తి, తడిక మీదుగా కుంట వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"సేవికమ్మా, నువ్వు అట్టా తిరిగి నిలబడు. చూడకపోతే నీ మీదికి రాదు."

నేను తిరగలేదు. తిరిగితే ఆ రాళ్ళెత్తడానికి ఒక మనిషి తక్కువవుతుంది. మస్తాన్ను కేకేశాం. తను అంత పొందికగా పెట్టిన పైవరస రాళ్ళను అతనే తీసి పక్కన పడేశాడు. "కట్టినంత సేపు పట్టలేదు గదరా" అని తనను తనే అనుకున్నాడు. నలుగురం నాలుగు మూలలు పట్టి, షీటును కుంటలోంచి లేపి, తడిక దాటించి, రాశి మీద కప్పేసరికి పెద్ద చినుకులు మొదలయ్యాయి. కుంట నుంచి తీసిన రాళ్ళే తెచ్చి అంచుల మీద పెట్టాం. ప్లానులో చెప్పినట్టే అదిమాం. కుంట దగ్గర కాదు, అంతే తేడా.

చీకటి పడేదాకా కుండపోతగా కురిసింది. పిచ్చమ్మగారు వసారాలో కూర్చుని ఆ షీటు మీద పడే చినుకుల చప్పుడు వింటూనే ఉన్నారు.

తెల్లారేసరికి కుంట నిండి ఉంది. పెరటి నీరు, ఇంటి చూరు నీరు అంతా దానిలోకే దిగింది. నీళ్ళు నల్లగా, కుడితంత చిక్కగా ఉన్నాయి. షీటు లేక మట్టి మెత్తబడి, ఉత్తరం వైపు గోడ కాస్త పొట్ట తెచ్చుకుంది. మస్తాన్ రెండు రాళ్ళు ఎగదోసి, "ఈ పక్క ఎవర్నీ నిలబడనీబాకండి" అని చెప్పి పోయాడు. షీటు మళ్ళీ వేసే మాటే లేదు. మబ్బు ఇంకా విడవలేదు, కింద కాయ ఉంది.

జీపు ఊరి బయట రేగడిలో దిగబడింది. పై అధికారిగారు ఎడ్లబండి మీద వచ్చారు. బూట్లకు మట్టి అంటుకుని, ఒక్కొక్క అడుగుకూ ఆయన కొంచెం పొడుగవుతున్నారు. కుంటను చూసి ఆగిపోయారు. ఫిబ్రవరిలో, ఈ మెట్ట ఊళ్ళో, అంచుల దాకా నీళ్ళు. బి.డి.ఓ. గారి వైపు తిరిగి, చాలా బాగుందండి అన్నారు. గోడ దగ్గరగా చూడాలని ఉత్తరం వైపు నడవబోయారు. పిచ్చమ్మగారు అడ్డం వచ్చి, "అయ్యా, ఇటు రండి, ఆ పక్క ఎండ" అన్నారు. ఆకాశంలో ఎండ ఎక్కడా లేదు. ఆయన మర్యాదస్తులు, ఇటే వచ్చారు.

షీటు కనపడదేమని అడిగారు. నేను నోరు తెరవబోయాను. ఆ రోజు నా నోట ఏం వచ్చేదో నాకు ఈనాటికీ తెలియదు. పిచ్చమ్మగారు ఆ అవసరం రానివ్వలేదు.

"నీళ్ళల్లో అడుగున ఏసేది పైకెట్టా కనపడుద్దండయ్యా?"

నిజమే అన్నారు ఆయన. గాబులోంచి చేపపిల్లల్ని తెచ్చి ఆయన చేతికిచ్చాం. వదిలారు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. గేదె గాబు దగ్గరికి వచ్చి నీళ్ళు తాగింది. నీళ్ళు ఎలా నిండాయని ఆయన నన్ను అడిగారు. దేవుని దయవల్లనండి అన్నాను. అందులో నేను దిద్దుకోవలసిన మాట ఏదీ లేదు.

వెళ్ళబోతూ ఆయన తడిక మీదుగా కల్లం చూశారు. రాశి మీద నల్లటి షీటు, అంచుల మీద చెక్కిన రాళ్ళు. ఆ కప్పినదేమిటని అడిగారు. కాయ తడవకుండా కప్పుకున్నామండి అని వెంకయ్యగారు చెప్పారు. ఆయనకు అంతవరకూ ఎవరూ మాటాడవద్దని చెప్పలేదు. ఎక్కడ కొన్నారని అడిగితే, "కొనలేదండి, మీరిచ్చిందే గదండి" అనబోయారు. పిచ్చమ్మగారు ముందే అందుకుని, "అంతా తమ చలవేనండి" అన్నారు. రైతులు తమంతట తాము కొత్త పద్ధతులు నేర్చుకోవడం ఎంతో సంతోషమని పై అధికారిగారు బి.డి.ఓ. గారితో అన్నారు. మా బి.డి.ఓ. గారు షీటు చుట్టను తన జీపులో తెచ్చిన మనిషి. రాశి వైపు చూశారు, కుంట వైపు చూశారు, నా వైపు చూశారు. అవునండి, చాలా సంతోషం అన్నారు. తర్వాత ఆయన ఆ మాట నాతో ఎత్తలేదు. ఆయన తల్లిదండ్రులదీ మిరప వ్యవసాయమేనని బదిలీ అయి వెళ్ళేనాడు చెప్పారు.

పిచ్చమ్మగారి కాయలో అడుగున కొద్దిగా తాలు తేలింది. మిగిలినదంతా ఎర్రగా నిలిచి గుంటూరు బండెక్కింది. కాయ వెళ్ళాక షీటును కడిగి, చేపపిల్లల్ని మళ్ళీ గాబులోకి ఎత్తి, కుంట తోడి, మస్తాన్ చేత గోడ సరిచేయించి, మళ్ళీ ప్లాను ప్రకారం పరిచాం. ఆ కడిగిన రోజు మా చేతులు మండిన మంట గురించి రాయకపోవడమే మంచిది. చేపలు బాగానే పెరిగాయి. మొదటి పులుసు నాకు పంపారు. కారం ఆ రాశిదే. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా దేవునికి వందనాలు చెప్పి తిన్నాను.

నమూనా విజయవంతమైందని పై నుంచి మెప్పు వచ్చింది. తరువాతి శీతాకాలంలో పథకం బ్లాకంతటికీ విస్తరించింది. అంతవరకూ పెరటి కుంట అంటే మొహం తిప్పుకున్న ఊళ్ళన్నీ మాకు కావాలంటే మాకు కావాలని అర్జీలు పెట్టాయి. ముఖ్యసేవికగారికి ఆశ్చర్యం. మా గ్రామసేవికలు పల్లెలను ఎంత బాగా కదిలించారో అని సమావేశంలో పొగిడారు. అర్జీలన్నిట్లోనూ ఒకటే విన్నపం ఉండేది, కుంట తవ్వడం ఎప్పుడైనా పరవాలేదు గాని షీటు మాత్రం కాయ కోతలకు ముందే ఇప్పించాలని. మస్తాన్కు ఊరూరా పని దొరికింది. పైవరస రాళ్ళు అదమకుండా, ఎత్తడానికి వీలుగా పెట్టడం అతని పనితనంగా పేరుపడింది.

నేను తరువాత ముఖ్యసేవికనై, పదవీ విరమణ దాకా అలాంటి పథకాలు చాలా నడిపాను. ఆ కుంట వల్ల నేను నేర్చుకున్నది ఇది. ఒక ఊరికి ఏ వస్తువైనా తీసుకువెళ్ళేవాళ్ళు, ఆ ఊళ్ళో ఏది తడవాలో తెలుసుకుంటే చాలదు, ఏది తడవకూడదో ముందు కనుక్కోవాలి. మనం కనుక్కోకపోయినా ఊరు తన అవసరాన్ని తానే తీర్చుకుంటుంది, మెప్పు మాత్రం మనకు ఇస్తుంది. ప్రార్థన విషయంలోనూ నాకు అలవాటు మారింది. వాన కోసం అడిగే ముందు లేచి వెళ్ళి, కల్లాల్లో కాయ ఉందో లేదో చూసి వచ్చి, అప్పుడు మోకరిస్తాను.