మొహంలోకి చూసే పిల్ల

సోమవారం జలుబు చేసి, వినర్తి టీచరు మాస్కు పెట్టుకునే మూడో తరగతికి డిక్టేషన్ చెప్పింది. లారాస్ అనే పిల్ల ఒక్క మాటా సరిగా రాయలేదు. కిందటి వారం అదే పిల్ల అన్నీ రాసింది. వినర్తికి అంతుబట్టలేదు.

జావా దీవిలో మా గునుంగ్‌కిదుల్ కొండల మీద వాళ్లది మామూలు సర్కారు బడి. చదువులో ప్రత్యేక సాయం కావలసిన పిల్లల్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతామంటే వినర్తి జోగ్జా పట్నం వెళ్లి శిక్షణ తీసుకుని వచ్చింది. అలాంటి పిల్లలు ఎదుటివారి మొహంలోకి చూడరట, ప్రశ్నలు అడగరట, దేనికైనా తలూపుతారట. తిరిగొచ్చి తరగతిని చూస్తే ఆమెకు మతిపోయింది. పిల్లలంతా తలలు వంచుకునే ఉన్నారు. పెద్దల మొహంలోకి చూడకూడదని జావాలో ఇంట్లోనే నేర్పుతారు. తనూ అలాగే పెరిగింది.

తలెత్తి చూసేది లారాస్ ఒక్కతే, రెప్ప వేయకుండా. ఆ పొగరుకు వినర్తి ఆ పిల్లను వెనక బల్లకు పంపింది కూడా.

శుక్రవారానికల్లా అలాంటి పిల్లల పేర్లు కావాలన్నాడు హెడ్మాస్టరు సుగెంగ్. పేరిస్తే ఏమవుతుందని అడిగితే, పట్నంలో ప్రత్యేక బడికి, హాస్టలుకు పంపుతారేమో, తనకూ సరిగా తెలియదన్నాడు.

లారాస్‌కు ఉన్నది అమ్మమ్మ తుకినెం ఒక్కతే. బడి గేటు దగ్గర కర్రపెండలం పిండితో వండిన తివుల్‌ను అరిటాకుల్లో కట్టి అమ్ముతుంది. మంగళవారం వినర్తి ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"అవ్వా, మీ పిల్ల నా మొహం వంక అలా చూస్తుందెందుకు?"

"తప్పే టీచరమ్మా. ఎన్ని మొట్టికాయలేశానో. ఊరి పెద్ద వచ్చినా గుడ్లప్పగించి చూస్తుంది. అచ్చం వాళ్ల తాతే, మొండిఘటం."

"వెనక నుంచి పిలిస్తే పలుకుతుందా?"

ఆకు మడుస్తున్న చెయ్యి ఆగింది. "పలకదు. నేనంటే లెక్కలేదనుకున్నా."

ఆ తర్వాత ముసలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు దాన్ని పట్నం పంపేస్తారా? అది పోతే నా కొంపలో నాతో మాట్లాడేదెవరు?"

వినర్తి పొట్లం కొనుక్కుని లోపలికి వెళ్లింది. తరగతిలో లారాస్ వెనక నిలబడి పేరు పెట్టి పిలిచింది. తరగతంతా తిరిగి చూసింది, లారాస్ తప్ప.

శుక్రవారం ఆమె ఒక్క పేరే ఇచ్చింది. పిల్ల పెదవులు చూసి మాటలు పట్టుకుంటోందని, ముందు చెవి పరీక్ష చేయించాలని, అంతవరకు పిల్లను ఇక్కడే ఉంచాలని అడిగింది.

"ఆ పొగరుబోతు పిల్లా? శిక్షణలో చెప్పిన గుర్తులు దానికి ఒక్కటీ లేవుగా, టీచరమ్మా. మరి మిగతావాళ్లు?" అన్నాడు సుగెంగ్.

"వాళ్ల సంగతి నాకు తెలియడం లేదండీ" అంది వినర్తి.

లారాస్ ఇప్పుడు ముందు బల్లలో కూర్చుంటోంది. చెవి పరీక్ష వచ్చే బుధవారం. తరగతిలో మిగిలిన ఇరవై ఏడుగురూ తలలు వంచుకునే ఉన్నారు.