మగ్గాల గుమ్మంలో ఇంగ్లీషు క్లాసు

నగరిలో కరెంటు పోతే మా వీధి మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నిన్న మధ్యాహ్నం పేపరు చదువుతుంటే అట్లాగే ఆగాయి. చెవులు గుయ్యిమన్నాయి. రెహానా మేడం గుర్తొచ్చింది. ఆమెను నేను చూసింది లేదు. ఫోనులో గొంతు విన్నాను, అంతే.

కరోనా కాలంలో తిరుపతి యూనివర్సిటీ మూసేస్తే మనవరాలు జ్యోతి ఇంటికొచ్చింది. రెహానా మేడం చెప్పే ఇంగ్లీషు పాఠం ఫోనులోనే. సిగ్నలు దొరికేది మగ్గాల గది గుమ్మంలో మాత్రమే. నోటి పరీక్షలో మాట్లాడకపోతే ఆ ఏడాది పోయినట్టే. మేడం ప్రశ్న వేసేది. ఒక్కరూ పలికేవారు కాదు. తెర మీద పేర్లే తప్ప ముఖాలు లేవు. "ఉన్నారా? ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతూనే ఉండేది, తాళం వేసిన ఇంటి తలుపు తట్టినట్టు. టీ తాగుతూ వినేవాణ్ణి. ఒకరోజు ఓర్చుకోలేక మైకు గుర్తు నేనే నొక్కాను.

"ఉండామమ్మా! ఈళ్లకి నోరు పెగల్లేదు. నువ్వు చెప్పు!"

ఎవరో పకపకా నవ్వారు. "మానం తీసినావు పో తాతా!" అంది జ్యోతి.

"ఎవరు పెద్దాయనా? ఆ చప్పుడేంది?" అంది మేడం.

"మగ్గాలమ్మా. అది ఇనపడతాదని ఈ బిడ్డకి సిగ్గు."

"మాది చిత్తూరులో దర్జీల ఇల్లు. ఇన్నాళ్లూ తలుపేసుకొని పాఠం చెప్తా ఉండా. ఉండు, తీస్తా," అంది మేడం. తలుపు కిర్రుమంది. కుట్టుమిషన్ల మోత మా గుమ్మం దాకా వచ్చింది. ఆ తర్వాత క్లాసులో ఎవరింటి బర్రె అరిచినా, కుక్కరు కూసినా పాఠం ఆగలేదు.

పరీక్షనాడు మగ్గాలు ఆపబోయాను. "వద్దు తాతా. ఆగితే నాకు మాట రాదు," అంది జ్యోతి. మా వీధిలో అందరం మాట్లాడినట్టే, మోతకు పైన గొంతెత్తి మాట్లాడింది. తడబడింది. మళ్లీ అందుకుంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. చివర్న మేడం తెలుగులోనే అంది: "ఇనపడింది జ్యోతీ. బాగా ఇనపడింది."

జ్యోతి గట్టెక్కింది. మేడం ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

నేను నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. కూడబలుక్కుంటూ పైకి చదివితే తప్ప బుర్రకెక్కదు. అందుకే ఎప్పుడూ మగ్గాలు తిరిగేటప్పుడే చదివేవాణ్ణి. ఆ మోతలో ఎవరికీ వినపడదు కదా. నిన్న అవి ఆగేసరికి నా గొంతొక్కటే వీధిలో మిగిలింది. ఎదురింటి అరుగు మీద ఎవరో నవ్వారు.

వేలు పెట్టిన మాట దగ్గరే అందుకుని, ఆ వార్త చివరిదాకా చదివాను.