గేర్ బాక్స్ కోసం వేసిన బస్తాలు

ఇది ఒక వీరగాథ. ఇందులో ఇనుము ఉంది, నెత్తురు ఉంది, రాత్రంతా కురిసిన కుంభవృష్టి ఉంది, మృత్యువు మొహంలో మొహం పెట్టి చూసిన ఘట్టం ఉంది. రాయడానికి కూర్చునే ముందు అలాగే అనుకున్నాను. తీరా కూర్చున్నాక చూస్తే, నెత్తురు మోచెయ్యి గీసుకుపోయినంత. వాన ఏటా పడేదే. ఇక మిగిలింది ఒక పాత జీపు, దాని గేర్ బాక్స్, ఆ రెండింటి కింద వెల్లకిలా పడుకున్న నేను.

2023 వానాకాలం. మండపేటలో నేను పనిచేసే మెకానిక్ షెడ్డుకి సత్తిబాబు గారు ఫోన్ చేశారు. పక్క పల్లెలో వరి రైతు. ఆయనకో పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది. అంటే ఇంజిను బలం వెనక చక్రాలకే కాకుండా నాలుగింటికీ వెళ్ళే బండి. వానల్లో చేల మధ్య బురద దారుల్లో ఆయన్ని తిప్పేది అదే. దానికిప్పుడు థర్డ్ గేర్ వేస్తే నిలవడం లేదు, తనంతట తనే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది.

"మెల్లగా షెడ్డుకి తోలుకొచ్చేయండి," అన్నాను.

"తేనండి. కిందటిసారి టౌన్లో ఒకాయనకిచ్చాను. పేగులు మార్చేసి పంపాడండి. ఈసారి మా ఇంటి దగ్గరే, నా కళ్ళ ముందే విప్పాలి. ఆయ్."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు బండి కిందకి దూరడమంటే భయం. మెకానిక్కి ఇది చెప్పుకోదగ్గ అర్హత కాదని తెలుసు. షెడ్డులో గొయ్యి ఉంటుంది, బండి పైన, మనం గోతిలో, ధైర్యంగానే ఉంటుంది. ఇళ్ళ దగ్గరైతే బండిని జాక్‌తో లేపి, చాసిస్ అనే అడుగు చట్రం కింద ఇనప స్టాండ్లు పెట్టి, ఆ సందులో పాకాలి. అంత బరువూ నాలుగు స్టాండ్ల మీద నిలబడి ఉందన్న సంగతి నా వీపుకి ఒక్క క్షణం కూడా మరుపు రాదు. అందుకే నాతోపాటు షెడ్డులో పనిచేసే నానిగాణ్ణి తీసుకెళ్ళాను. నాని లావుపాటి మనిషి, బండి కింద పట్టడు. కాబట్టి దూరాల్సింది నేనే అని దారిలో గుర్తొచ్చింది.

సత్తిబాబు గారింట్లో జీపు నిలిపే సావిడి చూసి ప్రాణం కుదుటపడింది. ఎర్రగా, నున్నగా మెరిసే గచ్చు. అన్నం కలుపుకు తినొచ్చు. స్టాండ్లు పెట్టాం. ముందుకీ వెనక్కీ బలం మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పాం. గేర్ బాక్స్‌కి వెనకే అతుక్కుని ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది. ఆ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది అదే. రెండూ కలిసే దిగాలి. బరువు కూడా రెండిటిదీ కలిసే ఉంటుంది.

ఈ జీపుల్లో ఒక సౌకర్యం ఉంది. సీట్ల మధ్య ఉండే రేకు విప్పితే గేర్ బాక్స్ పైనుంచి కనిపిస్తుంది. ఆ కంతకి అడ్డంగా ఒక గునపం పెట్టి, గేర్ బాక్స్‌కి కట్టిన నైలాన్ తాడుని దానికి చుట్టి, నాని లోపల కూర్చుని ఆ తాడు పట్టుకోవాలి. కింద నుంచి నేను ట్రాలీ జాక్ ఆనించి మెల్లగా దించాలి. ఆ కంతలోంచి నాని మొహం నాకు తలకిందులుగా కనిపిస్తుంది. అది వేరే భయం.

బోల్టులు వదులు చేస్తుండగా సత్తిబాబు గారు గదిలోంచి ధాన్యం బస్తాలు ఈడ్చుకొచ్చి, జాక్‌కి అటూ ఇటూ రెండేసి చొప్పున దొంతర పెట్టడం మొదలెట్టారు. వాటి మధ్య నేను ఒత్తుకుపోయాను.

"ఇవేంటండి?"

"జారి పడిందనుకోండి, గచ్చు మీద పడితే కేసింగ్ పగులుద్ది. బస్తా మీద పడితే పరవాలేదు."

"మరి నా మీద పడితేనో?"

ఆయన కాస్త ఆలోచించారు. "మీ మీద పడితే కూడా పగలదులెండి."

ఆ రోజు గేర్ బాక్స్ సుఖంగా దిగింది. విప్పి చూస్తే లోపల గేర్లని కలిపే సింక్రోనైజర్ రింగు అరిగిపోయింది. పేగులు మారాయో లేదో నాకు తెలియదుగానీ ఈ పేగు మాత్రం మార్చాలి. కొత్తది తెచ్చి వేసేసరికి చీకటి పడింది, వాన మొదలైంది. మర్నాడు బిగించొచ్చని స్టాండ్లు, బస్తాలు అలాగే ఉంచి ఇంటికెళ్ళిపోయాం.

దించడం కంటే ఎక్కించడం కష్టం. గేర్ బాక్స్ ముందు నుంచి ఇన్‌పుట్ షాఫ్ట్ అనే పళ్ళ కడ్డీ పొడుచుకొచ్చి ఉంటుంది. అది క్లచ్ ప్లేటు నడి బొక్కలోకి పన్ను పన్నుకీ కుదిరి దూరాలి. కుదరకపోతే ఊపాలి, తిప్పాలి, బతిమాలాలి. పొద్దున్నే మేం చేస్తున్నది అదే. పైన నాని తాడు బిగబట్టాడు. కింద నేను రెండు చేతులతో ఊపుతున్నాను. సత్తిబాబు గారు కుర్చీలో కాఫీ తాగుతూ కాపలా కాస్తున్నారు.

అప్పుడు వినిపించింది. అప్పడం విరిగినంత చిన్న చప్పుడు.

తల తిప్పి చూస్తే, నా ఎడమ పక్క స్టాండు అడుగు నుంచి గచ్చు మీద ఒక గీత నా వైపే వస్తోంది. నేను చూస్తుండగానే స్టాండు కాలు ఎర్ర గచ్చులోకి దిగిపోయింది, పెరుగులోకి గరిట దిగినట్టు. జీపు నా మీదకి ఒరిగింది. ట్రాలీ జాక్ పక్కకి తన్నేసింది. కళ్ళు మూసుకున్నాను. మోచేతి మీద ఏదో గీసుకుంది. మొహం మీద జలజలా ఏదో రాలింది. నా లోపలివేవో అనుకున్నాను. ధాన్యం.

కళ్ళు తెరిస్తే చాసిస్ వచ్చి ఎడమ దొంతర మీద కూర్చుంది. పై బస్తా చిట్లింది, కానీ మోస్తోంది. గేర్ బాక్స్ నా గుండెకి అంగుళం పైన తాడుకి వేలాడుతోంది. ఊపిరి పీలిస్తే చొక్కా దానికి తగులుతోంది. అందుకని సగం సగం పీల్చాను.

"ఒరేయ్ శీనూ, ఉన్నావా?" కంతలోంచి నాని.

"ఉన్నాను. తాడు వదలకు."

"వదల్లేదు. చేతులు చెమటలు పడుతున్నాయిరా."

"తుడుచుకోకు."

"దిగి లాగనా నిన్ను?"

"నువ్వు దిగితే బండి ఎటు లేస్తుందో నాకు తెలీదు, నీకూ తెలీదు. కూర్చో."

అప్పుడు కుర్చీ వైపు నుంచి సత్తిబాబు గారి గొంతు, వణుకుతూ: "గేర్ బాక్స్‌కి ఏమన్నా అయ్యిందాండి?"

వంటింట్లోంచి ఆయన భార్య వరలక్ష్మి గారు పరుగున వచ్చారు. వంగి నన్ను చూశారు. "గేర్ బాక్స్ సంగతి తర్వాత, ముందా అబ్బాయి సంగతి చూడండి. రండి, బస్తాలు పట్టండి."

"నాకు నడుం నొప్పి కదే."

"నడుం పోతే కట్టు కడతారు. పట్టండి."

ఇద్దరూ బస్తాలు ఈడ్చుకొచ్చి చాసిస్ కింద కుక్కారు. ఒకటి గేర్ బాక్స్ కింద, నా పొట్ట పక్కగా తోశారు. నాని తాడు మెల్లగా సడలించాడు. గేర్ బాక్స్ బస్తా మీద చేరగిలబడింది. నేను కాళ్ళతో నేలని తన్నుకుంటూ, వీపు మీద జరుగుతూ బయటపడ్డాను. ఎండలో నిలబడి, తిట్టడానికి నోరు తెరిచాను. నోట్లోంచి ధాన్యం గింజ ఒకటి బయటపడింది. వరలక్ష్మి గారు మజ్జిగ ఇచ్చారు. నిలబడే తాగేశాను.

గచ్చు పగిలిన చోట వేలు పెట్టి చూశాను. సిమెంటు నా చిటికెన వేలు మందం. దాని కింద నల్లగా, మెత్తగా, రాత్రి వానకి నానిన ఊక బూడిద. రైసు మిల్లుల్లో ఊక కాల్చగా మిగిలింది. మా మండపేట చుట్టుపక్కల పల్లం పూడ్చాలంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే, ట్రాక్టరుకెత్తి తెచ్చుకోవడమే. మంచం వేసుకోవచ్చు, ధాన్యం పోసుకోవచ్చు. జీపు నాలుగు చక్రాల మీద నిలబడ్డా ఓర్చుకుంటుంది. ఆ బరువంతా అరచేతి వెడల్పు లేని ఇనప పాదాల మీద పెడితే మాత్రం ఒప్పుకోదు.

"బూడిద పోశారని చెప్పలేదేంటండి?"

"మీరు అడగలేదు కదండి. ఊళ్ళో అందరిదీ బూడిదే."

నిజమే. మా ఇంటి అరుగు కింద కూడా బూడిదే.

ఇక్కడితో ఆపేస్తే ఈ కథ బాగుండేది. కానీ గేర్ బాక్స్ సగంలో ఉంది. దాన్ని అలా బస్తా మీద వదిలేసి పోలేం. ఎవరో మళ్ళీ కిందకి దూరాలి. నాని నన్ను చూశాడు. నేను నాని పొట్టని చూశాను.

సత్తిబాబు గారి దగ్గర పాత తాటి దూలం ముక్కలుంటే స్టాండ్ల కింద అడ్డంగా పరిచాం. జీపుని మళ్ళీ లేపాం. బస్తాలు ఈసారి నేనే పేర్పించాను, ఆయన చాలన్నా ఆపలేదు. తర్వాత సావిడి అంచున కూర్చుని చెప్పులు విప్పాను, మళ్ళీ వేసుకున్నాను, మళ్ళీ విప్పాను. అప్పుడు దూరాను. బోల్టు మర ఎక్కడం లేదు, మర బాగానే ఉంది, నా కళ్ళే బోల్టు మీద లేవు. పైన ఎవరు తుమ్మినా గచ్చు వైపే చూశాను. వరలక్ష్మి గారు పొయ్యి ఆపేసి వచ్చి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. మధ్యలో ఒకసారి, "ఉన్నావా బాబూ?" అన్నారు. "ఉన్నానండి," అన్నాను. కాసేపటికి షాఫ్ట్ టక్కుమని కూర్చుంది. అంత చక్కటి చప్పుడు నేనింతవరకు వినలేదు.

జీపు ఇప్పటికీ తిరుగుతోంది. థర్డ్ గేర్ నిలుస్తోంది. చిట్లిన బస్తాలో ధాన్యానికి గ్రీజు అంటిందని మిల్లు వాళ్ళు తీసుకోకపోతే కోళ్ళకి వేశారట. నన్ను కాపాడినవి నా కోసం వేసినవి కావన్న సంగతి అప్పుడప్పుడు గుర్తొస్తుంది, ముఖ్యంగా గొయ్యి లేని చోట పనికి పిలిచినప్పుడు. ఆ రోజు నేర్పిన పాఠం గురించి ఇక్కడ ఏదైనా గొప్పగా రాయాలని చాలా ప్రయత్నించాను, వచ్చింది ఇంతే.

స్టాండు పెట్టే ముందు గచ్చుని సుత్తితో తట్టండి. డొల్లగా మోగితే కింద చెక్క వేయండి. చెక్క రెండంగుళాల మందం ఉండాలి.