నూకరత్నం చెవి పెట్టి గెలిచిన మార్కు

మొగల్తూరు చేపల బజారులో నూకరత్నం గొంతు తెలియనివాళ్లు లేరు. నలభై ఆరేళ్ల మనిషి. మత్స్యకార మహిళల సంఘానికి కార్యదర్శి కావాలని పంతం పట్టింది. దానికి పదో తరగతి ప్యాసవ్వాలి. ఓపెన్ స్కూల్లో అన్నీ గట్టెక్కింది గానీ ఇంగ్లీషు రెండుసార్లు ముంచింది. పోయినసారి ముప్ఫైనాలుగు, అంటే ఒక్క మార్కు తక్కువ. ఈసారీ తప్పితే సంఘంవాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు.

ఆదివారం క్లాసులు చెప్పేది నేనే. ఒకరోజు క్వయట్, సైలెంట్ అనే మాటలొచ్చాయి. రెండూ నిశ్శబ్దమేనని, అనుమానమొస్తే సైలెంట్ రాసేయమని, అదైతే కాస్త గంభీరంగా ఉంటుందని చెప్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నూకరత్నం మాత్రం పెన్ను కింద పెట్టేసింది.

"రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకండి మాస్టారూ?"

వాళ్ల నాన్న ఉప్పుటేట్లో వల వేసేముందు తెడ్డు నీళ్లలోకి దించి, పైకొసకి చెవి ఆనించేవాడట. కింద చేపల గుంపుంటే సన్నగా గుర్రుమని వినబడేదట. అప్పుడే వల. ఏమీ వినబడకపోతే నావ తిప్పేయడమే.

"ఆ రెండూ ఒకటే అనుకుంటే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదండి."

క్లాసంతా నవ్వింది. పరీక్షలో చేపల గురించి అడగరులే అమ్మా అని నేనూ నవ్వాను. ఇంటికెళ్లి డిక్షనరీ తీశాక ఆ నవ్వు మిగల్లేదు. క్వయట్ అంటే చప్పుడు బాగా తక్కువ, సైలెంట్ అంటే అసలే లేదు. పై ఆదివారం దిద్దుకుందామనుకున్నాను. తీరా బోర్డు ముందు నిలబడ్డాక, నా తప్పు ఊసెత్తకుండా సెలవుచీటీ ఎలా రాయాలో చెప్పడం మొదలెట్టాను.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. పాపాయి నిద్రపోయింది, గడియారం టిక్కుటిక్కు ఒక్కటే వినబడుతోంది, ఇల్లు ఎలా ఉంది? గేటు బయటే నూకరత్నాన్ని అడిగాను, ఏం రాశావమ్మా అని.

"గడియారం కొట్టుకుంటోంది కదండి. అంటే అడుగున చేప ఉన్నట్టే. క్వయటే రాశాను."

నా మాట నమ్మినవాళ్లంతా సైలెంట్ రాశారు. అదృష్టం, ఆ మార్కు పోయినా ఎవరూ తప్పలేదు. నూకరత్నానికి సరిగ్గా ముప్ఫైఅయిదు.

బజారుకెళ్లి, ఆమె గంప ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. "ఆయ్, పర్లేదండి" అంది, నాలుగు వీధులకి వినబడేలా.

కార్యదర్శిగా మొదటి సమావేశానికి నన్నూ పిలిచింది. ఆడవాళ్లందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. నూకరత్నం లేచి బల్ల మీద అరచేత్తో చరిచింది.

"మాస్టారొచ్చారు, కాస్త క్వయట్‌గా ఉండండి. సైలెంటక్కర్లేదు. మాట్లాడకపోతే సంఘమెందుకు?"