అక్క చెవీ, పసుపు కొమ్మూ

కడప మార్కెట్లో మా బావది పసుపు కొట్టు, వెనకే ఇల్లు. బాగా ఉడికి ఎండిన కొమ్మును విరిస్తే ఖంగుమంటుంది. లోపల తడి ఉంటే గొణిగినట్టు విరుగుతుంది. ఆ తేడా పట్టడంలో మా అక్కను మించినవాళ్లు లేరు. రైతు బస్తా విప్పగానే బావ ఒక కొమ్ము లోపలికి పంపేవాడు. అక్క దాన్ని చెవి దగ్గర విరిచి మాట చెబితేనే బేరం.

సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తల్లో అక్కకు దిగులు జబ్బు పట్టుకుంది. కంచంలో అన్నం పెట్టుకుని, తినడం మరిచి కూర్చునేది. ఒకరోజు కొమ్ము విరిచి, "అన్నీ ఒకే మాదిరి ఇనపడ్తాండాయి" అని పక్కన పెట్టేసింది. బావ ఆరోజు కొట్టు పెందలాడే మూశాడు. కర్నూలు తీసుకుపోతే డాక్టరు మాత్రలు రాశాడు.

అప్పుడు నేను ఫార్మసీ చదువుతూ, పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం దిగులును తగ్గిస్తుందేమోనని ఎలుకలకు తాగించి చూస్తున్నాను. కొమ్ములు తిరిగిన పండితుణ్ణి కాదు, కొమ్ములు నూరే విద్యార్థిని. ఎలుకలకు కూడా నామీద గౌరవం లేదు, వేళ్లు కొరికేవి.

సెలవులకు వెళ్లేసరికి మాత్రలు బావ గల్లాపెట్టెలోకి చేరాయి. అక్క ముందు పచ్చటి పాలగ్లాసు.

"ఏమప్పా, నువ్వు ఎలకలకిచ్చే మందు మన కొట్లో బస్తాలకు బస్తాలు ఉండాది. ఇంక మాత్రలెందుకు?" అన్నాడు బావ. సొంత సరుకు మీద అంత నమ్మకం ఆయనది.

పాలలో వేసిన పసుపు రక్తంలోకి చేరేది బహు కొంచెమనీ, ఎలుకకు నప్పింది మనిషికి నప్పుతుందని ఇంకా తేలలేదనీ చెప్పాను. బావ తల ఊపాడు గానీ తాళంచెవి తియ్యలేదు.

అక్కే అడిగింది, ఎలుకకు దిగులని ఎట్లా తెలుస్తుందని. నీళ్లలో వదులుతామనీ, ఈత తొందరగా మానేస్తే దిగులని లెక్క అనీ చెప్పాను.

"మానేస్తే దిగులని ఎట్ల జెప్తావబ్బీ? అలిసిపోయిందేమో."

మా మాస్టారు కూడా అడగని ప్రశ్న అది. "నువ్వూ అలిసిపోయినావా అక్కా?" అన్నాను.

"శానా."

"అట్లయితే మాత్ర ఏసుకో. పాలూ తాగు. ఈత మాత్రం మానొద్దు."

అక్క బావ వైపు చూసి చెయ్యి చాపింది. బావ లేచి గల్లాపెట్టె తెరిచాడు.

ఆ రోజునుంచి మాత్ర, దాని వెనక పచ్చపాలు. రెండు నెలలకొకసారి కర్నూలు బస్సు. కంచంలో అన్నం మెల్లగా తరగడం మొదలైంది.

మళ్లీ కొత్త పసుపు వచ్చే కాలానికి నేను కొట్లో కూర్చుని ఉన్నాను. మైదుకూరు రైతు బస్తా విప్పాడు. బావ అలవాటు చొప్పున ఒక కొమ్ము లోపలి గడప మీద పెట్టి, తనే విరవడానికి ఇంకొకటి తీసుకున్నాడు. ఇంతలో గడప అవతల చిన్న చప్పుడైంది.

"దీనికింకా రెండెండలు కావల్ల" అంది అక్క గొంతు.

రైతు ముఖం ముడుచుకున్నాడు. ఆ రోజు బావ బేరమే ఆడలేదు, రైతు అడిగిన ధరే ఇచ్చేశాడు. గడప మీది రెండు ముక్కలూ ఏరి జేబులో వేసుకున్నాడు.