తలుపుకు ఇవతలి గొంతు

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ముందు మీటలన్నీ నొక్కుతారు. తర్వాత తలుపు బాదుతారు. ఆ తర్వాత ఊపిరాడడం లేదంటారు. మా బావ అసలు పని అక్కడే మొదలయ్యేది.

ఆయన లిఫ్టు మెకానిక్కు, మా అక్క భర్త. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయిందని ఫోను వస్తే, పానాల సంచి నేలమీద పెట్టి ముందుగా తలుపు సందుకి నోరు ఆనించేవాడు. "నేను వచ్చేశానండీ. ఇక్కడే ఉన్నాను. ఈ పెట్టెకి బోలెడు సందులున్నాయి, గాలి ఉంది. నెమ్మదిగా పీల్చండి. ఇంకా నెమ్మదిగా వదలండి." కొంచెం బొంగురు గొంతు, తొందరన్నది ఎరగని గొంతు. లోపల అరుపులు మూలుగులయ్యేవి, మూలుగులు సణుగుళ్ళయ్యేవి, కాసేపటికి ఏ చప్పుడూ ఉండేది కాదు. అప్పుడు లేచి పానా తీసేవాడు. "లోపల సద్దుమణిగిందంటే సగం పని అయిపోయినట్టే" అనేవాడు. మేస్త్రీ గొంతుతోనే తలుపులు తీస్తాడు, మనకి జీతాలు దండగ అని ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

నూనె డబ్బా మోసే పనితో మొదలుపెట్టి, సొంతంగా మరమ్మతుల కాంట్రాక్టులు తీసుకునేదాకా ఎదిగాడు. మేముండే భవనంలో లిఫ్టు కూడా ఆయన చేతికిందదే. "రోజంతా పైకీ కిందకీ తిరుగుతాను గానీ, ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదురా" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. అది పూర్తిగా జోకు కాదని అక్కకి తెలుసు.

వాళ్ళ పాత ఇల్లు నాలుగు రోడ్ల కూడలి పైన మూడో అంతస్తులో ఉండేది. బస్సులు కిటికీ కిందే ఆగేవి. కూతురు పుట్టాక ఆ కిటికీలు మళ్ళీ తెరుచుకోలేదు. ఆ పిల్లని అందరం బొంగరం అనేవాళ్ళం. నిలబడమంటే నిలబడేది కాదు, గిర్రున తిరుగుతూనే ఉండేది. చలి రోజుల్లో దాని ఛాతీలోంచి సన్నగా ఈల వినిపించేది. డాక్టరు నోట్లో కొట్టుకునే పంపు రాసిచ్చి, వీలైతే గాలి మార్చండి అన్నాడట. చాలామంది డాక్టర్లు చాలామందితో అనే మాటే అది. బావ దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన ఏ పని చేసినా ఆ పిల్ల ఊపిరి కోసమే చేశాడు.

ఊరి చివర, పెద్ద గేటు వెనకాల, విడివిడి ఇళ్ళ కాలనీ ఒకటి కడుతున్నారు. అంతా డబ్బున్నవాళ్ళు కొనే చోటు. ప్రతి ఇంట్లోనూ చిన్న లిఫ్టు ఉంటుంది. ఆ లిఫ్టులు బిగించే పని బావకి వచ్చింది. పనికి వెళ్ళినవాడు సాయంత్రాలు అక్కడే తచ్చాడడం మొదలుపెట్టాడు. నున్నటి రోడ్లు, వాటికి రెండు పక్కలా ఒకే ఎత్తున, ఒకే తీరున చెట్లు. కింద ఒక్క ఎండుటాకు కూడా ఉండేది కాదు. ఇళ్ళు చూపించే అమ్మాయి ఈయన వాలకం కనిపెట్టి, "మేము అమ్మేది గాలే సార్, ఇల్లు ఊరికే ఇస్తున్నాం" అందట. ఆ మాట ఆయన మాకందరికీ పదిసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ నవ్వాడు.

అక్క వద్దంది. ఆమె పళ్ళ ఆసుపత్రిలో పేషెంట్ల రాకపోకలు చూసే ఉద్యోగం చేస్తుంది. అంత దూరం నుంచి రోజూ ఎలా రావాలంది. అమ్మ దూరమైపోతుందంది, పక్కింటివాళ్ళ ముఖం చూడ్డానికే ఏడాది పట్టేలా ఉందంది. బావ అన్నిటికీ ఒకటే జవాబు చెప్పాడు. "దాని ఛాతీలో ఈల నువ్వు పగలు వింటున్నావు. నేను నిద్రలో కూడా వింటున్నానే." పాత ఇల్లు, కొనిపెట్టుకున్న స్థలం అమ్మేశారు, మిగతాది బ్యాంకు ఇచ్చింది.

బావ ఇల్లు ఎంచిన పద్ధతి కూడా లిఫ్టు మెకానిక్కుదే. గోడల్లో చెమ్మ, తలుపుల సందులు, తీగలు అన్నీ తట్టి, తడిమి చూశాడు. చివరికి వరస కొసన, మూడు వైపులా చెట్లున్న ఇల్లు తీసుకున్నాడు. చెట్లు ఎక్కువున్న ఇంటికి ధర కూడా ఎక్కువే. పై అంతస్తులో రెండు గోడలకీ పెద్ద కిటికీలున్న గది బొంగరానిది.

వాళ్ళు దిగింది వానాకాలంలో. నేను, మా ఆవిడ, అప్పుడే పాకడం నేర్చుకున్న మా వాణ్ణి తీసుకుని వెళ్ళాం. ఆకులు కడిగినట్టున్నాయి. బావ నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు.

"ఏరా బామ్మర్దీ, సైన్సు చదివావు కదా. ఈ గాలిలో ఏముందో చెప్పు."

"ఏమీ లేదు బావా. అందుకే బాగుంది."

ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ ఇంట్లో చట్టం ఒకటే అని ప్రకటించాడు. కిటికీ మూసినవాళ్ళకి టీ లేదు. బొంగరం ఆ గదిలో కళ్ళు తిరిగేదాకా గిర్రున తిరిగి, మా వాడి పక్కన కూలబడి పకపకా నవ్వింది. ఈల లేదు. అక్క నావైపు చూసి, పోన్లే అన్నట్టు తలూపింది.

చలి తగ్గుముఖం పట్టగానే చెట్లకి సన్నటి పూల కుచ్చులు వేలాడాయి. కార్ల మీద, కిటికీ గట్ల మీద, టీవీ మీద లేత పసుపుపచ్చని పొడి పడసాగింది. వెనక వైపు ఇంకా ఇళ్ళు కడుతున్నారు, ఆ దుమ్మే అనుకుని అక్క పొద్దునా సాయంత్రం తుడిచేది. బొంగరం కారు అద్దం మీద ఆ పొడిలో వేలితో బొమ్మలు గీసేది. దగ్గు మొదలైంది. కాలనీ క్లబ్బులో కూర్చునే డాక్టరు మందునీళ్ళు ఇచ్చి, కొత్త చోటు కదా, అలవాటు పడాలి అన్నాడు. బావ పిల్ల మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపాడు. మంచి గాలి ఇంకాస్త తగలాలని.

ఒక సాయంత్రం పిల్లకి ఊపిరి అందలేదు. పంపు కొట్టారు. అది పనిచేసేలోపు బావ పక్కన కూర్చుని, తలుపు సందులోంచి మాట్లాడినట్టే మాట్లాడాడు. గాలి ఉందమ్మా, నేనిక్కడే ఉన్నాను, నెమ్మదిగా పీల్చు. పిల్ల ఆయన కళ్ళలోకి చూస్తూ పీల్చింది, వదిలింది, తేరుకుంది. మందు గుణమెంతో, మాట గుణమెంతో ఎవరు చెప్పగలరు? బావ మాత్రం ఒక నిర్ణయానికి వచ్చేశాడు. అంత గాలి మధ్య ఊపిరాడకపోవడమేమిటి? భయం. ఆయన బతుకంతా చూసింది అదే. తర్వాత రెండుసార్లు ముందు మాట, తర్వాత పంపు. అదృష్టమో దురదృష్టమో, ఆ రెండుసార్లూ తగ్గింది. ఎండలు ముదిరాక కుచ్చులు రాలిపోయాయి, పొడి ఆగింది, దగ్గూ ఆగింది. గాలి పనిచేసిందని బావ ఫోన్లో మా అమ్మకి చెప్పాడు. మంచం పక్కనుండే పంపు వంటింట్లో మందుల డబ్బాలోకి చేరింది.

మరుసటి ఏడు మళ్ళీ కుచ్చులొచ్చాయి. ఈసారి అక్క ఊరుకోలేదు. ఛాతీ డాక్టరుకి చూపించాల్సిందేనని పట్టుబట్టి, ఊళ్ళో ఒకాయన దగ్గర సోమవారానికి అపాయింటుమెంటు తీసుకుంది.

ఆ ముందు శనివారం పిల్లకి బడి లేదు, అక్కకి ఒంటిపూట పని ఉంది. బావ ఇంట్లో ఉండిపోయాడు. పొద్దుటి నుంచీ గాలి బలంగా వీస్తోంది. తర్వాత జరిగింది బావ నాకు ఆసుపత్రి వరండాలో ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ అడగలేదు నేను.

పిల్ల కిటికీ పక్కన బొమ్మలేసుకుంటూ దగ్గింది. దగ్గు ఈలగా మారింది. బావ కిందికి పరిగెత్తి పంపు తెచ్చి కొట్టాడు. తగ్గలేదు. పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని మెడ సాచింది. బావ ఒళ్ళోకి తీసుకుని, కిటికీ బార్లా తెరిచి, దానికెదురుగా కూర్చున్నాడు.

"నాన్నా, రావట్లేదు."

"వస్తుందమ్మా. బోలెడు గాలి ఉంది. నేనిక్కడే ఉన్నాగా. నెమ్మదిగా పీల్చు. ఇంకా నెమ్మదిగా వదులు."

అలా అంటూనే ఉన్నాడు. ఈల సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది. పిల్ల తల ఆయన భుజం మీద వాలింది. సద్దుమణిగింది అనుకున్నాడు. నిద్ర చెడుతుందని కదల్లేదు. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. అక్క మధ్యాహ్నం ఇంటికొచ్చి మెట్ల మీంచే పిలిస్తే, గుమ్మంలోకి రాగానే నోటిమీద వేలుంచి, మాట్లాడొద్దని సైగ చేశాడు.

అక్క పిల్ల పెదాలు చూసింది.

ఆసుపత్రి చేరేసరికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది. మాతో మాట్లాడిన డాక్టరు చిన్నవాడు, మా వయసువాడే. ఈల ఎప్పుడు ఆగిందని అడిగాడు. బావ చెప్పాడు. ఆ డాక్టరు కాసేపు తన చేతులకేసి చూసుకుని, ఈల వినిపించాలన్నా కాస్త గాలి ఆడాలండీ అన్నాడు. లోపల గాలి బొత్తిగా ఆడనప్పుడు చప్పుడుండదు. బావ అర్థమైనట్టు తలూపాడు. ఆయన చొక్కా భుజం మీద పసుపుపచ్చని పొడి అంటుకుని ఉంది, పిల్ల చెంప ఆనినచోట తప్ప.

చెట్ల సంగతి తర్వాత నేను వాకబు చేశాను. ఆ జాతిలో ఆడచెట్లు, మగచెట్లు వేరువేరుగా ఉంటాయి. ఆడచెట్లు కాయలు రాలుస్తాయి, రోడ్లు పాడవుతాయి, కార్ల మీద మరకలు పడతాయి. అందుకని కాలనీ అంతా ఏరి ఏరి మగచెట్లే నాటారు. అవి రాల్చేది పుప్పొడి. చాలామందికి దానివల్ల తుమ్ము కూడా రాదు. వానాకాలంలో అది ఉండనే ఉండదు.

కాలనీ కార్యదర్శి పలకరించడానికి వచ్చి సోఫా అంచు మీద కూర్చున్నాడు. మంచివాడే. బావ చెట్ల మాట ఎత్తాడు. ఆయన ఇబ్బందిగా కదిలి, "అందరూ ఈ చెట్లని చూసే కొనుక్కున్నారండీ" అన్నాడు. మీరూ అంతే కదా అనలేదు గానీ, అన్నట్టే వినిపించింది. బావ ఆయన్ని గేటు దాకా సాగనంపి వచ్చాడు.

మర్నాడు లిఫ్టు తలుపుల అంచులకి వేసే రబ్బరు పట్టీ తెచ్చి, పై గది కిటికీలకి చుట్టూ బిగించాడు. ఒక్క సందు మిగలకుండా, ఎంతో శ్రద్ధగా. గదిలో ఎవరూ లేరు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది, ఆపలేదు. ఆ ఇల్లు వదిలి రమ్మని అమ్మా నేనూ ఎంత చెప్పినా ఆమె కదల్లేదు. ఆ గది అక్కడుందిగా అంటుంది.

బావని అక్క ఒక్క మాట కూడా నిందించలేదు. ఒకరోజు మా ముందే, ఆయన ఎవరో కస్టమరుతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాక, "నాకు నీమీద కోపం లేదు. నీ గొంతే వినలేకపోతున్నాను" అంది. అరవలేదు. గ్లాసు కావాలన్నంత మామూలుగా అంది.

అప్పటినుంచి బావ ఇంట్లో మాట్లాడ్డం మానేశాడు. పనిలో కూడా మానేశాడని నాకు తర్వాత తెలిసింది.

ఈ మధ్య మా భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల నేను, నా భుజం మీద మా వాడు. వాడికి జలుబు, డాక్టరు దగ్గరికి బయల్దేరాం. దీపం ఆరింది. లిఫ్టు పెట్టెలో గాలి అయిపోదని నాకు తెలుసు. లెక్కవేసి చెప్పమన్నా చెప్పగలను. అయినా చీకట్లో వాడి ముక్కు దగ్గర వేలుపెట్టి చూసుకుంటూ నిలబడ్డాను. వాడు ఏడుపు అందుకున్నాడు. నాకూ తలుపు బాదాలనిపించింది, బాదాను.

కాసేపటికి పై నుంచి సంచి నేలమీద పెట్టిన చప్పుడు. పానాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు.

"బావా, నువ్వేనా?"

మనిషి తలుపు దగ్గరికొచ్చి వంగాడు, ఊపిరి వినిపించింది. మాట్లాడబోతున్నాడనే అనుకున్నాను. ఆ బొంగురు గొంతు కోసం నేను ఎంత ఎదురుచూశానో చెప్పలేను. గొంతు రాలేదు. పానాతో తలుపు మీద టక్కుమని ఒకసారి కొట్టాడు. కొంచెం ఆగి ఇంకోసారి. ఇక్కడే ఉన్నానని చెప్పడానికి ఆయనకిప్పుడు మిగిలింది అదే. మా వాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. ఏడవనీ అనుకున్నాను. చప్పుడుంది కదా.

తలుపు తెరుచుకున్నాక బావ ముందు నావైపు చూడలేదు. వాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని, చొక్కా ఎత్తి, వీపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. మెట్ల మీద పక్కింటివాళ్ళు చేరి ఏమయిందని అడుగుతుంటే, మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత వాణ్ణి నాకిచ్చేసి, చేతి బ్యాటరీ దీపం తీసుకుని, పైన లిఫ్టు మిషనుండే గదికి ఎక్కిపోయాడు.